అరవై రూపాయల శ్రవణానందం: ఒక నిష్పాక్షిక మూల్యాంకనం

పదివేలో ఇరవైవేలో పోసి కొనే ఇయర్‌ఫోన్ల మంచిచెడ్డలు తేల్చడానికి పండితులకు కొదవ లేదు. మనిషి చెవి కాలువను పోలిన లోహపు గొట్టంలో వాటిని దూర్చి, గ్రాఫులు గీసి, బాస్ కాస్త బరువైందనీ, ట్రెబుల్‌లో మెరుపు తగ్గిందనీ, గాయని కంఠం వాద్యాల వెనక రెండడుగుల దూరంలో నిలబడిందనీ వాళ్లు నిత్యం తీర్పులు చెబుతూనే ఉంటారు. కోఠి ఫుట్‌పాత్ మీద, సికింద్రాబాద్ స్టేషన్ బయట, విజయవాడ బీసెంట్ రోడ్డులో గుత్తులు గుత్తులుగా వేలాడే అరవై రూపాయల వైరు ఇయర్‌ఫోన్ గురించి మాత్రం వాళ్లు నోరు మెదపరు. ఈ లోటును పూడ్చడం బాధ్యతగల పౌరుల విధి కనుక, ఆ పరికరాన్ని దానికి తగిన కొలమానాలతోనే తూచాలని ఈ వ్యాసకర్త పూనుకున్నాడు.

మొదట పెట్టె సంగతి. పెట్టె అనడం మర్యాద కోసమే. అదొక ప్లాస్టిక్ సంచీ, దాని నెత్తిన పిన్ను కొట్టిన అట్టముక్క. అట్ట మీద ఒక సుప్రసిద్ధ కంపెనీ పేరు, మధ్యలో ఒక్క అక్షరం మారి, ఘనంగా అచ్చయి ఉంటుంది. దాని కింద '20 నుంచి 20,000 హెర్ట్జ్' అని ఉంటుంది. ఇవి ఆరోగ్యంగా ఉన్న మనిషి చెవి వినగల హద్దులు, సెకనుకు ఇన్ని కంపనాలని లెక్క, అదీ చిన్న వయసులో. ఏళ్లు మీదపడే కొద్దీ పై అంకె దిగిపోతూ వస్తుంది. అంటే తయారీదారు తన సరుకు గురించి ఒక్క ముక్కా చెప్పకుండా, కొనేవారి చెవుల గురించి, ఆ చెవులు బడికి వెళ్లిన రోజుల గురించి, ఒక ప్రశంసాపత్రం రాసి ఇచ్చాడన్న మాట. ఆ హద్దుల మధ్య ధ్వని ఎక్కడ ఎంత పెరుగుతుందో, ఎక్కడ ఎంత పడిపోతుందో చెప్పనప్పుడు ఈ అంకెలకు విలువ లేదని ఇంజినీర్లు గొణుగుతారు గానీ, అరవై రూపాయలకు సరుకూ ఇచ్చి పొగడ్తా ఇచ్చిన మనిషిని ఇంకా నిలదీయడం సంస్కారం అనిపించుకోదు.

ఇక కొనుగోలు సమయపు పరీక్ష. ప్రయోగశాలల్లో గంటల తరబడి సాగే తతంగం ఫుట్‌పాత్ మీద రెండు ప్రశ్నల్లో ముగుస్తుంది. అమ్మే కుర్రవాడు అద్దం పగిలిన తన ఫోన్‌కు పిన్ను గుచ్చి, తీన్మార్ పాటొకటి పూర్తి వాల్యూమ్‌లో పెట్టి, అప్పటికి ఎందరి చెవులను పావనం చేసిందో తెలియని ఆ బుడిపెలను మన చేతికిచ్చి, "ఎడమ వస్తుందా అన్నా? కుడి వస్తుందా?" అని అడుగుతాడు. రెండూ వస్తే పరీక్ష నెగ్గినట్టే. నాదం, నాణ్యత వంటి అప్రస్తుత ప్రసంగాలకు అక్కడ తావు లేదు. గ్యారంటీ ఎంతకాలమని అడిగిన పెద్దమనిషికి, "పని చేసినన్ని రోజులు గ్యారంటీనే అన్నా" అని జవాబు వచ్చింది. న్యాయశాస్త్రం చదివినవారు కూడా తప్పు పట్టలేనంత పకడ్బందీ మాట అది.

శబ్దం విషయానికి వస్తే, చెవిలో దూరే రకం ఇయర్‌ఫోన్‌లో బాస్ సగానికి సగం సిలికాన్ బుడిపె చేతిలో ఉంటుంది. అది చెవి కాలువను గాలి చొరబడకుండా మూస్తేనే మద్దెల మోగుతుంది. ఏ కాస్త సందు మిగిలినా బాస్ అటునుంచి అటే వెళ్లిపోతుంది. ఖరీదైన వాటితో మూడు సైజుల బుడిపెలు ఇస్తారు. ఇక్కడ ఇచ్చేది ఒకటే సైజు. ఒకే మనిషికి కూడా రెండు చెవులూ ఒక్క తీరుగా ఉండకపోవచ్చు కాబట్టి, కుడివైపు జాతర, ఎడమవైపు సంతాప సభ జరుగుతున్నట్టు వినిపించడం సహజమే. వేలితో లోపలికి నొక్కితే మాత్రం బాస్ వెంటనే వస్తుంది, వేలు తీస్తే పోతుంది. అట్ట మీద రాసిన 'ఎక్స్‌ట్రా బాస్' కావలసినవారు తమ రెండు చూపుడు వేళ్లనూ ఆ సెట్టులో భాగంగా లెక్కించుకోవాలి. చొక్కా గుండీకి వైరు రాసుకున్నప్పుడల్లా చెవిలో పుట్టే గరగర సంగీత దర్శకుడు ఊహించని అదనపు వాద్యం; దానికి వేరే రుసుము లేదు.

అయితే ఈ పరికరం అసలు ప్రతిభ కనబడేది పాడవడంలోనే. ఖరీదైనవి కూడా పాడవుతాయి గానీ, ఇన్ని విధాలుగా, ఇంత సృజనాత్మకంగా పాడవడం వాటికి చేతకాదు. అన్నిటికన్నా సామాన్యమైనది ఒక పక్క పోవడం. పిన్ను మెడ దగ్గర వైరు రోజూ వంగి వంగి, లోపలి వెంట్రుకలాంటి రాగి తీగ తెగుతుంది, ఎడమ చెవికి మౌనవ్రతం మొదలవుతుంది. ఇది ప్రాథమిక స్థాయి. ఉన్నత స్థాయిలో తెగేది రెండు చెవులకూ ఉమ్మడిగా ఉన్న తిరుగు తీగ. అప్పుడు రెండు స్పీకర్లూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి, ఎడమ కుడి ధ్వనుల మధ్య ఉన్న తేడాను మాత్రమే వినిపిస్తాయి. సినిమా పాటల్లో గాయకుడి గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా కలుపుతారు కనుక, ఆ తేడాలో ఆయన దాదాపు మాయమైపోతాడు. వయొలిన్లు, కోరస్, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వని మిగులుతాయి. గొంతును తీసేసి కరోకే ట్రాక్ చేసుకోవడానికి జనం సాఫ్ట్‌వేర్లు వెతుక్కుంటున్న కాలంలో, ఆ సౌకర్యాన్ని ఈ పరికరం అడగకుండానే సమకూరుస్తోంది. మైకు తీగకు దెబ్బ తగిలితే మరో విశేషం: ఆ తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడల్లా వైరు మీది మీట నొక్కారని ఫోన్ భ్రమపడి, పాట ఆపుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది, మధ్యలో ఏ సంబంధమూ లేని బంధువు ఫోన్ వస్తే ఎత్తేస్తుంది కూడా.

మరమ్మతు చేయిద్దామంటే షాపులో పెదవి విరుస్తారు. ఆ తీగలకు రంగు లక్క పూత ఉంటుంది, దాన్ని కాల్చి తీస్తే గానీ సోల్డరింగ్ పట్టదు, ఆ శ్రమకు అడిగే డబ్బుతో కొత్తదే వచ్చేస్తుంది. అందువల్ల ప్రజలు స్వయంగా ఒక వైద్య విధానాన్ని అభివృద్ధి చేసుకున్నారు. పిన్ను మెడకు బాల్‌పెన్ స్ప్రింగు తొడుగుతారు, నల్ల టేపు చుడతారు, రబ్బరు బ్యాండు బిగిస్తారు. అవేవీ పనిచేయనప్పుడు వైరును ఒకానొక కోణంలో వంచి, బొటనవేలితో అదిమిపట్టి, ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. గతుకు వచ్చిన చోటల్లా పాట ఆగుతుంది. ఆ లెక్కన రోడ్ల నాణ్యతను కొలిచే పరికరంగా కూడా దీన్ని మున్సిపల్ శాఖవారు పరిశీలించవచ్చు.

వైరు లేని బడ్స్‌తో పోల్చిచూడడం న్యాయం. 2016లో యాపిల్ సంస్థ ఐఫోన్ 7లో ఇయర్‌ఫోన్ పిన్ను గుచ్చే జాక్ రంధ్రాన్ని తీసేసి, అందుకు కారణం ధైర్యమని వేదిక మీద ప్రకటించింది. ఆ ధైర్యం తర్వాత తక్కిన కంపెనీలకూ అంటుకుంది. కానీ ఫోన్‌లో ఎఫ్ఎం రేడియో వినాలంటే యాంటెన్నాగా పనిచేసేది ఈ వైరే. బడ్స్ ఎంత ఖరీదైనవైనా ఆ పని చేయలేవు. విపత్తుల వేళ అక్కరకొస్తుంది కాబట్టి ఫోన్లలో ఎఫ్ఎం సదుపాయాన్ని ఆపేయవద్దని 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు సూచించింది. తుఫాను వచ్చి సెల్ టవర్లు మూగబోయిన రాత్రి శ్రీకాకుళం తీరంలో వార్తలు అందుకోవడానికి పనికొచ్చే సాధనం అరవై రూపాయలదో, అరవై వేలదో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. పైగా దీనికి చార్జింగ్ అక్కర్లేదు, సీటు సందులో ఒక్కటే జారి పోదు, పోతే రెండూ కలిసే పోతాయి.

అన్నిటికీ మించి, వైరు కనబడుతుంది. పక్క సీటాయన "ఏం చదివారు, ఎక్కడ పని, జీతమెంత, పెళ్లి సంబంధాలు చూస్తున్నారా" అనే క్రమంలోకి దిగకముందే, చెవి నుంచి జేబు దాకా వేలాడే ఆ తెల్లటి తీగ చూసి ఆగిపోతాడు. చెవిలో ఇమిడిపోయే చిన్న బడ్స్‌కు ఈ శక్తి తక్కువ. అవి ఆయన కంటికి ఆనకముందే జీతం ప్రశ్న వచ్చేస్తుంది. ఈ ప్రమాణంలో మన పరికరానికి పూర్తి మార్కులు వేయక తప్పదు, ఎందుకంటే రెండు పక్కలూ పోయాక కూడా ఈ ఒక్క సేవలో లోపం రాదు. పాటల కోసం ఒకటి, ప్రయాణాల కోసం పాడైనది ఒకటి విడిగా దాచుకోవడం మంచిది. కొత్తగా కొనేవారు బేరం ఆడేటప్పుడే రెండు అడిగితే వందకు ఇస్తారు.