మహారాజశ్రీ దాహం గారికి, తిరుపతి నుంచి ఒక అర్జీ

శ్రీయుత దాహం గారికి,
హైపోథాలమస్ ఆఫీసు, మెదడు అడుగు అంతస్తు.

తిరుపతి నివాసి, తమ పాత ఖాతాదారు నమస్కరించి రాసుకొను విన్నపం ఏమనగా:

అయ్యా, నేను నీళ్లు తక్కువ తాగినన్నాళ్లూ మీరు చాలా మర్యాదస్తులు. అన్నం దగ్గర ఒకసారి, ఎండలో తిరిగి వచ్చాక ఒకసారి పలకరించేవాళ్లు. ఒక గ్లాసు ఇస్తే పుచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆరోగ్యం కోసమని నీళ్లు పెంచినప్పటి నుంచీ మీ వరస మారింది. బాటిల్ పక్కన పెట్టి పది నిమిషాలు కాకముందే గొంతు దగ్గర నిలబడి బెల్లు కొడుతున్నారు. ఏమీ ఇవ్వనప్పుడు అడగని ఆఫీసరు, ఇవ్వడం మొదలుపెట్టాక చాపిన చెయ్యి వెనక్కి తీయకపోతే మా ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో అందరికీ తెలుసు. మీ హోదా చూసి చేయడం లేదు.

బాటిల్ గురించి మీకు విడిగా చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు మీ డిపార్ట్‌మెంట్‌లో అధికారమంతా దానిదే. రెండు లీటర్లది. పొడుగునా గీతలు, గీతకో టైము. తొమ్మిదికి ఇక్కడిదాకా, పదకొండుకు ఇక్కడిదాకా. మధ్యలో ‘శభాష్’, ‘ఆపొద్దు’ లాంటి మాటలు. మీరేమో రక్తంలో ఉప్పు చిక్కదనం నూటికి ఒకటి రెండు పాళ్లు పెరిగినా పసిగట్టే మనిషి. అంత సున్నితమైన కాటా చేతిలో పెట్టుకుని, ఒక ప్లాస్టిక్ గీత మీ మీద పెత్తనం చేస్తుంటే ఒక్క అభ్యంతరం కూడా ఫైలులో రాయలేదు. బ్రేకు లేదంటారా, ఉంది. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూశారు. దాహం తీరాక కూడా నీళ్లు తాగమంటే, మింగడానికి జనం దాదాపు మూడింతలు కష్టపడ్డారట. మరి ఆ బ్రేకు నా గొంతులో ఎందుకు వేయలేదో సంజాయిషీ ఇవ్వగలరు.

ఈ గీతల వెనక ఉన్న పెద్దల మాట కూడా విన్నాను. 1945లో అమెరికాలో ఒక పోషకాహార బోర్డు, పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల నీళ్లు కావాలని రాసింది. దాని కిందే, ఇందులో చాలా భాగం వండిన తిండిలోనే ఉంటుందని కూడా రాసింది. పై వాక్యం ప్రపంచమంతా తిరిగి నా బాటిల్ మీదికి ఎక్కింది. కింది వాక్యానికి వీసా దొరికినట్టు లేదు. వండిన అన్నంలో మూడింట రెండొంతులు నీళ్లే. సంగటి, రసం, మజ్జిగ, ఎండాకాలం పుచ్చకాయ, తాటిముంజలు... ఇవన్నీ మీ ఖాతాలో జమ అవుతూనే ఉన్నాయి. బాటిల్‌కు మాత్రం ఇవేవీ పట్టవు. దాని లెక్కలో నేను పొద్దున్నుంచీ ఎండిపోయి ఉన్నాను.

మూత్రపిండాల మీద కూడా ఫిర్యాదు ఉంది. అవి మీ పక్క ఆఫీసు వాళ్లు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. ఒంట్లో నీళ్లు తగ్గితే ‘ఉన్నది పోనివ్వకండి’ అని మీ బిల్డింగు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను సర్క్యులర్‌లా వెళ్తుందట. అది అందగానే మూత్రపిండాలు నీళ్లను వెనక్కి లాగి దాచేవి. నేను గంటగంటకూ పోస్తుండేసరికి సర్క్యులర్ రావడం తగ్గింది. నీళ్లను వెనక్కి తెచ్చే గేట్లు తగ్గించేశారు. లోపల నీటిని పట్టి లాగడానికి దాచుకున్న ఉప్పు నిల్వ కూడా పలచబడింది. అందుకే ఏ రోజైనా నేను తాగడం తగ్గిస్తే, ఆ సంగతి వాళ్లకు వెంటనే తెలియదు. పాత జోరులోనే బయటికి వదిలేస్తారు. అప్పుడు మీరు పరుగెత్తుకొస్తారు. రోజుల తరబడి అతిగా నీళ్లు తాగితే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుందని డి వార్డెనర్, హెర్క్స్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు 1957లోనే అచ్చేశారు. అంటే మీ రెండు ఆఫీసులకూ ఈ విషయం ఎప్పటినుంచో తెలుసు. చిత్తూరు నాన్‌స్టాప్ బస్సు ఎక్కే రోజు భయంతో నీళ్లు మానేస్తే, చంద్రగిరి దాటకముందే నాలుక అంగిట్లో అంటుకుపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇంకో బాధ ఉంది, అది ఊరి బాధ. మా కొళాయిలోకి వచ్చే నీళ్లలో కొన్ని కల్యాణి డ్యామువి, కొన్ని తెలుగుగంగవి. తెలుగుగంగ అంటే శ్రీశైలంలో బయలుదేరి, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు తిరిగి వచ్చే కృష్ణ నీళ్లు. అన్ని జిల్లాలు దాటి ఇంత దూరం వచ్చిన నీళ్లను మీరు నా ఒంట్లో గంటన్నర కూడా నిలవనివ్వరు. ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టిన వీధిలో ఉంటూ ఈ పని చేయడానికి నాకు సిగ్గుగా ఉంది. మీకు లేదు.

ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా? అత్తగారు ‘షుగర్ చూపించుకోండి’ అన్నారు. ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది. రక్తంలో చక్కెర 180 దాటితే మూత్రంలోకి పొంగి నీళ్లను వెంట లాక్కుపోతుంది, దాహం అలాగే మొదలవుతుంది. చూపించుకున్నాను, ఏమీ లేదు. (నాలాగే దాహం పెరిగినవాళ్లు ముందు ఆ టెస్టు చేయించుకుని, ఆ తర్వాతే మీకు అర్జీ పెట్టుకోవాలని నా సలహా.) మా పెద్దనాయనకు టెస్టులతో పనిలేదు. ఆయన ఎండలో శెనక్కాయ చేను చూసుకుని వచ్చి, సంగటి ముద్ద, ఊరిబిండి తిని, ఉప్పు మజ్జిగ తాగి అరుగు మీద పడుకునే మనిషి. నా బాటిల్‌ను పైనుంచి కిందికి చూసి, “ఏందిరా, మడికి నీళ్లు కట్టినట్టు కడుపుకు కడతా ఉండావు?” అన్నాడు. ఆరోగ్యానికి మంచిదంట పెద్దనాయనా అన్నాను. “ఎవురి ఆరోగ్యానికి?” అని అటు తిరిగి పడుకున్నాడు.

అసలు ఈ అర్జీ రాయించింది కొండ మీద జరిగిన సంగతి. సర్వదర్శనానికి వెళ్లాం. కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్లకు నిషేధం కాబట్టి నా గీతల బాటిల్ ఇంట్లోనే ఉండిపోయింది. దాని ఆజ్ఞ ప్రకారం బయలుదేరేముందే మధ్యాహ్నం గీత దాకా ఖాళీ చేసి వచ్చాను. కంపార్ట్‌మెంటులో ఉన్నంతసేపూ బాత్రూములున్నాయి, వాటిని నేను బాగానే వాడుకున్నాను. తలుపులు తీసి, జనం ‘గోవిందా’ అని కదిలాక మొదలైంది. ముందుకే గానీ వెనక్కి దారి లేదు. కింద పొత్తికడుపు పగిలిపోతోంది, పైన గొంతు ఎండిపోతోంది. రాయలసీమ వాణ్ణి, కరువు నాకు కొత్త కాదు. వరద కూడా చూశాను. రెండూ ఒకే తాలూకాలో, ఒకే గంటలో రావడం ఇదే చూడటం. అంతలో సేవకు వచ్చిన ఒక అమ్మ గ్లాసు నిండా నీళ్లు చేతికిచ్చి ‘తాగు నాయనా’ అంది. వద్దంటే తప్పు, తాగితే ముప్పు. మీరు మాత్రం సిగ్గులేకుండా ‘పుచ్చుకో, పుచ్చుకో’ అన్నారు. స్వామి ఎదుట నిలబడిన ఆ ఒక్క క్షణంలో నేను కోరిన కోరిక ఇక్కడ రాయలేను. మా ఆవిడ ఇల్లు కట్టుకోవాలని కోరుకుందట. నాది అంతకన్నా చిన్న గది.

కాబట్టి తమరు దయతలచి పాత టైముకే రావలెను. నేను గీతలు చూడటం మానేస్తున్నాను. ఒక్కసారిగా కాదు, మూత్రపిండాలకు తెలిసేలా నెమ్మదిగా తగ్గిస్తాను. ఎండలో చెమట పట్టిన రోజు ఉప్పు మజ్జిగ సమర్పించుకుంటాను, ఎందుకంటే చెమటలో పోయేది నీళ్లొక్కటే కాదని మీకు తెలుసు. ఉత్త నీళ్లే పోసుకుంటూ పోతే రక్తంలో సోడియం 135 కిందికి పడి తలనొప్పి, వాంతులు, ఇంకా పడితే ఫిట్స్ దాకా పోతుందని మీ రికార్డుల్లోనే ఉంది. బాటిల్‌ను కందిపప్పు పోసుకోవడానికి మా ఆవిడ అడుగుతోంది. తమ అభ్యంతరం లేకపోతే ఇచ్చేస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
తిరుపతి.

నకలు: కుడి మూత్రపిండం, ఎడమ మూత్రపిండం - తగు చర్య నిమిత్తం. మూత్రాశయానికి నకలు పంపడం లేదు, అక్కడ ఇప్పటికే ఫైళ్లు నిండి ఉన్నాయి.