పాయింటు 25 ఎప్పుడొస్తుంది?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రభుత్వోద్యోగాల్లో కోటాను 3 నుంచి 4 శాతానికి పెంచింది. అంధులకు ఒక శాతం, బధిరులకు ఒకటి, చలన వైకల్యం ఉన్నవారికి ఒకటి. ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి మిగిలిన ఆ ఒక్కటి. అంకెల మీద ఎవరికీ పేచీ లేదు. పోస్టు పోయేది నోటిఫికేషన్‌కు ముందే, సిబ్బంది వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లోని రోస్టర్ రిజిస్టరులో. ఏ ఖాళీ ఎవరికో వరుస నంబర్లతో రాసే పుస్తకం అది; ఒక్కో ఖాళీ ఒక పాయింటు.

కేంద్ర సర్వీసులకు 2018 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ రిజిస్టరు 100 పాయింట్ల చక్రం, పాతికేసి పాయింట్లకు ఒక బ్లాకు. 1, 26, 51, 76 దివ్యాంగులవి. మొదటి పాయింటులో వీలుకాకపోతే 25 లోపు మరో ఖాళీ ఇవ్వాలి. ఏటా నాలుగు ఖాళీలు వచ్చే చిన్న ఆఫీసులో ఒక్క బ్లాకు నిండటానికి ఆరేళ్లు దాటుతుంది. ఈలోగా సీటు చూసే గుమాస్తా మారతాడు. కొత్తాయన రిజిస్టరు పక్కనపెట్టి క్యాలిక్యులేటర్ తీస్తాడు: నాలుగింట్లో 4 శాతం 0.16, అంటే సున్నా! లేదా ఒకటో పాయింటు పోస్టును 25 లోపు ఇద్దామని వాయిదా వేసి, మరుసటి ఏడాది మళ్లీ ఒకటి నుంచే లెక్క మొదలుపెడతాడు. అలాగైతే 25 ఎన్నటికీ రాదు. లెక్క నూరు దాకా ఆగకుండా సాగాలి, ఏళ్లు మారినా సరే.

భర్తీ కాక మిగిలిన పోస్టుల, అంటే బ్యాక్‌లాగ్ కథా ఇదే. అర్హులు దొరకని పోస్టును మరుసటి ఏడాదికి మోయాలి. అప్పుడూ దొరక్కపోతేనే వేరే వైకల్య విభాగానికి మార్చాలి. వారిలోనూ ఎవరూ లేనప్పుడే ఇతరులకు. మధ్య మెట్టు దాటేసి ‘అభ్యర్థులు లేరు’ అని రాసేయడం సులువు. ఇంకో తిరకాసు: సడలింపులేవీ వాడుకోకుండా మెరిట్‌లో నెగ్గిన దివ్యాంగుణ్ని కోటాలో సర్దేస్తే, అక్కడా ఒక పోస్టు మాయమవుతుంది.

ఉద్యోగంలో చేరాక సమస్యలు వేరు. అంధ ఉద్యోగికి కంప్యూటర్ ఇస్తారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ కూడా వేస్తారు. కానీ పాత ఫైలు ఇంగ్లిషు అక్షరాల కోడ్‌కే తెలుగు రూపం తొడిగే అను ఫాంట్లలో ఉంటే అది తెలుగు చదవదు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ గొణుగుతుంది. వంకరగా స్కాన్ చేసి ఫొటోలా దాచిన పీడీఎఫ్‌లో అయితే దానికి అక్షరమే కనిపించదు. తెలుగు అక్షరాలకు సొంత కోడ్ ఉన్న యూనికోడ్‌లో టైపు చేయండని ఒక్క సర్క్యులర్ చాలు, ఖర్చేమీ లేదు. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల పొడవన్న మాట. స్థలం లేదని మూడడుగుల్లో ముగిస్తే చక్రాల కుర్చీ వెనక్కి దొర్లుతుంది.

సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించరాదని అదే చట్టంలోని సెక్షన్ 20 చెబుతోంది. సరిపడే పోస్టు దొరికేదాకా అదనపు పోస్టు సృష్టించైనా జీతం ఇవ్వాలి. రంగులు గుర్తించలేడని ఇంటికి పంపిన బస్సు డ్రైవరుకు వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ప్రతి డ్రైవరూ ఢిల్లీ దాకా వెళ్లగలడా?

మేం అడిగేది ఒక్క కాగితం. ప్రతి నోటిఫికేషన్‌తోపాటు రోస్టర్ పేజీ కూడా ప్రచురించాలి: ఈ ఖాళీలు ఏ పాయింటు నుంచి ఏ పాయింటు వరకు, పాత బ్యాక్‌లాగ్ ఎంత, అది ఏ విభాగానిది.