తుపాకీ ఏ ఊళ్లో తయారైందన్నదే నేరమా?

1992 మార్చి 10న టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో అల్ఫోన్సో లోపెజ్ అనే పన్నెండో తరగతి విద్యార్థి .38 తుపాకీని, ఐదు గుళ్లను దాచుకుని ఎడిసన్ హైస్కూలుకు వచ్చాడు. వేరొకరికి అందజేస్తే 40 డాలర్లు వస్తాయన్న ఆశ. బడికి తుపాకీ తేవడం టెక్సస్ చట్టం ప్రకారం కూడా నేరమే కనుక రాష్ట్రం కేసు పెట్టింది. మర్నాడు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అధికారులు బడుల దగ్గర తుపాకీని నిషేధించిన 1990 నాటి తమ చట్టం కింద కేసు పెట్టగానే రాష్ట్రం తన కేసును వదులుకుంది.

బడిలో తుపాకీ ఉండాలని నేను కోరుకోను. శిక్షించే అధికారం ఎవరిదన్నదే నా ప్రశ్న. అమెరికా రాజ్యాంగం నకిలీ నాణేలు, సముద్రపు దోపిడీ, దేశద్రోహం వంటి కొద్ది నేరాలనే పేరుపెట్టి కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, అప్పగించింది. మిగిలిన ఫెడరల్ నేరాల్లో చాలావాటికి ఆధారం రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించవచ్చన్న ఒక్క వాక్యం. తుపాకీ వల్ల భయం, భయం వల్ల చదువు దెబ్బతినడం, చదువు దెబ్బతింటే దేశ ఆర్థిక వ్యవస్థ కుంటుపడటం అంటూ లోపెజ్ కేసులో ఫెడరల్ ప్రభుత్వం మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టింది. 1995లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ వాదనను తోసిపుచ్చింది. ఇలా అయితే కాంగ్రెస్ అధికారానికి ఇక అడ్డేముంటుందన్నది ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ లేవనెత్తిన సందేహం.

ఈ తీర్పును గొప్ప మలుపుగా చెప్పేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎందుకంటే 1996లో కాంగ్రెస్ అదే చట్టంలో, ఆ తుపాకీ అంతర్రాష్ట్ర వాణిజ్యంలో కదిలినదై ఉండాలి లేదా దాన్ని ప్రభావితం చేసేదై ఉండాలి అన్న మాట చేర్చి ఊరుకుంది. టెక్సస్‌లో పట్టుబడిన తుపాకీ మరో రాష్ట్రంలో తయారైందని నిరూపిస్తే చాలు, రాజ్యాంగ పరిమితి తీరిపోయినట్టే. నిందితుడు చేసిన పనికీ, తుపాకీ ఎప్పుడో ఎక్కిన లారీకీ సంబంధమేమిటో ఎవరూ అడగరు.

గంజాయి కేసు ఇంకా విచిత్రం. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు వైద్యుడి సలహా మీద గంజాయి వాడకాన్ని అనుమతించారు; ఫెడరల్ చట్టంలో మాత్రం అది నేరంగానే ఉండిపోయింది. 2002లో డయాన్ మాన్సన్ ఇంటికి కౌంటీ పోలీసులు, ఫెడరల్ అధికారులు కలిసే వచ్చారు. ఆమె వాడకం రాష్ట్ర చట్టానికి లోబడే ఉందని కౌంటీ పోలీసులు తేల్చారు. అయినా మూడు గంటల పెనుగులాట తర్వాత ఫెడరల్ అధికారులు ఆమె పెంచుకున్న ఆరు మొక్కలనూ పట్టుకుని నాశనం చేశారు. ఆ మొక్కలను ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. 2005లో సుప్రీంకోర్టు 6-3తో కాంగ్రెస్ పక్షమే వహించింది, 11.1 ఎకరాల కోటాకు బదులు 23 ఎకరాల్లో గోధుమ వేసిన ఒహాయో రైతు ఫిల్‌బర్న్ మీద 1942లో ఇచ్చిన తీర్పును ఆధారంగా చూపింది. ఇంటి అవసరాలకు వాడుకున్నా అలాంటివన్నీ కలిపితే మార్కెట్ మారుతుందన్నది తర్కం. ఈ లెక్కన పెరట్లో వేసుకున్న బెండ మొక్క కూడా వాణిజ్యమే.

రాష్ట్రాల హక్కుల పేరిట నల్లజాతివారిపై వివక్షను కాపాడిన చరిత్ర నాకు తెలియనిది కాదు. 1964లో హోటళ్ల తలుపులు అందరికీ తెరిపించింది ఈ వాణిజ్యాధికారమే. కానీ డబ్బు తీసుకుని గది అద్దెకివ్వడం నిజంగానే వ్యాపారం. ఆ సమర్థనను జేబులోని తుపాకీకీ పెరటి మొక్కకీ తొడగడంతోనే నాకు పేచీ. పైగా ఒకే తుపాకీకి రాష్ట్రమూ ఫెడరల్ ప్రభుత్వమూ విడివిడిగా శిక్షించవచ్చని 2019లో గాంబుల్ అనే నిందితుడి కేసులో కోర్టు మళ్లీ ఖాయపరిచింది. దానివల్ల అతని జైలుజీవితం దాదాపు మూడేళ్లు పెరిగింది.

ఇదంతా న్యాయవాదుల గొడవ అనుకునే మన తెలుగు పిల్లలకు ఒక మాట. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో గంజాయి దుకాణం రాష్ట్ర లైసెన్సుతో, బోర్డు పెట్టుకుని, రసీదు ఇచ్చి అమ్ముతుంది. అక్కడ కొన్నానని స్టూడెంట్ వీసా మీదున్న కుర్రాడు ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే, ఆ అధికారి చూసేది కొలరాడో చట్టాన్ని కాదు.