కవరు ఎప్పుడు తెరవాలో ఎవరు నిర్ణయించారు?

అమెరికా అధ్యక్ష ఎన్నికల పోలింగు మర్నాడు, 2020 నవంబరు 4 తెల్లవారేసరికి, పెన్సిల్వేనియా రాష్ట్రంలో రిపబ్లికన్ డొనాల్డ్ ట్రంప్ దాదాపు 7 లక్షల ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. 7వ తేదీన అదే రాష్ట్రం డెమోక్రాట్ జో బైడెన్‌ను గెలిపించింది. తుది మెజారిటీ 80,555. ఈ మధ్యలో కొత్తగా ఓటేసినవారు లేరు. ఏ ఓట్లు ముందు లెక్కించారు, ఏవి తర్వాత లెక్కించారు అన్నదే తేడా. ఆ వరసను నిర్ణయించింది కరోనా కాదు, రాష్ట్ర చట్టం.

కారణం చెప్పకుండా ఎవరైనా మెయిల్‌లో, అంటే తపాలా కవరులో, ఓటేయొచ్చన్న చట్టం అక్కడ 2019 అక్టోబరులోనే వచ్చింది. రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న శాసనసభ ఆమోదించింది, డెమోక్రాట్ గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకం పెట్టారు. అప్పటికి మెయిల్ ఓటుకు పార్టీ రంగు అంటలేదు. రిపబ్లికన్ల కంచుకోట యూటాలో ఓటింగు ప్రధానంగా మెయిల్‌లోనే సాగేది. ఫ్లోరిడాలో రిటైరైన రిపబ్లికన్ వృద్ధులకూ అది పాత అలవాటే. 2020లో అది మోసాలకు దారి అని ట్రంప్ పదేపదే అనడంతో ఓటర్లు రెండుగా చీలారు. ఎన్నికల తర్వాత ఎంఐటీ సర్వేలో డెమోక్రాట్లలో 60 శాతం మంది, రిపబ్లికన్లలో 32 శాతం మంది మెయిల్‌లో ఓటేశామన్నారు. మాస్కు మీద గొడవ ఎలా పార్టీల గొడవైందో, కవరు మీద గొడవా అలాగే అయింది.

పెన్సిల్వేనియాలో సుమారు 26 లక్షల మెయిల్ ఓట్లు పడ్డాయి. వాటిలో ప్రతి నాలుగింటిలో మూడు బైడెన్‌వి. పోలింగు రోజు బూత్‌లో పడినవి ఎక్కువగా ట్రంప్‌వి. పోలింగు రోజు ఉదయం 7 గంటల దాకా ఒక్క కవరు కూడా తెరవకూడదన్నది చట్టం. అదే సిబ్బంది ఆ రోజే బూత్‌లూ నడపాలి. ఒక్క మెయిల్ ఓటుకు పని ఎంతంటే: పైకవరు మీద ఓటరు డిక్లరేషన్ సరిచూడాలి, కవరు కోయాలి, లోపలి రహస్య కవరును బయటికి తీసి పేరున్న కవరు నుంచి వేరుచేయాలి, అదీ తెరిచి, మడతలు విప్పి, కాగితాన్ని చదును చేశాక గానీ స్కానర్‌లో పెట్టలేరు. మడత సరిగా పోకపోతే స్కానర్‌లో ఇరుక్కుంటుంది. చిరిగితే ఆ ఓటును మరో కాగితం మీదికి ఎత్తి రాయాలి. లోపలి కవరు లేకుండా వస్తే ఓటు చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు సెప్టెంబరులో తేల్చింది.

ఫ్లోరిడాలోనూ మెయిల్ ఓట్లు లక్షల్లోనే. కానీ 2000 అధ్యక్ష ఎన్నికల రీకౌంట్ గొడవతో పరువు పోగొట్టుకున్న రాష్ట్రం అది. 2020లో అక్కడ వారాల ముందు నుంచే కవర్లు తెరిచి స్కాన్ చేసుకోనిచ్చారు, అంకెలు మాత్రం పోలింగు ముగిశాకే బయటపెట్టాలి. అందుకే అక్కడ తొలి గంటలో బైడెన్ మెరుగ్గా కనిపించి, తర్వాత ట్రంప్ అందుకుని 3.7 లక్షల తేడాతో గెలిచారు. ఆ తిరుగుడును మోసమని పెద్దగా ఎవరూ అనలేదు.

విస్కాన్సిన్‌లో ఇంకో చిక్కు. పోలింగు రోజుకు ముందు కవర్లు ముట్టుకోకూడదన్న నిబంధన అక్కడా ఉంది. పైగా మిల్వాకీ నగరం మెయిల్ ఓట్లన్నీ ఒకేచోట లెక్కించి ఒకేసారి ప్రకటిస్తుంది. తెల్లవారుజామున సుమారు 1.7 లక్షల ఓట్లు ఒక్కసారిగా చేరేసరికి గ్రాఫ్‌లో బైడెన్ గీత నిటారుగా లేచింది. ఆ గీతనే వందల పోస్టుల్లో 'దొంగ ఓట్లు' అని తిప్పారు. నగరం గంటకోసారి అంకెలు ఇచ్చి ఉంటే ఆ బొమ్మే పుట్టేది కాదు. ఆరిజోనాలో కథ పూర్తిగా తలకిందులు: ముందే లెక్కించిన ఓట్లతో బైడెన్ ముందున్నారు, చివరి రోజు తెచ్చి ఇచ్చిన కవర్లు ట్రంప్‌కు కలిసొచ్చి ఆధిక్యం 10,457కు కరిగింది.

మన దగ్గర ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలుపెట్టి 8.30కు ఈవీఎంలు తెరవడం చూసినవారికి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోస్టల్ బ్యాలెట్‌తో పంపే డిక్లరేషన్, ఫారం 13ఎ, మీద గెజిటెడ్ అధికారి సీలు లేకపోతే ఓటు చెల్లుతుందా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కవరు మీది చిన్న నిబంధన ఎక్కడైనా రాజకీయమే.

పెన్సిల్వేనియాలో ఈ ముప్పు ఎవరికీ తెలియనిది కాదు. కొన్ని రోజులు ముందుగా తెరవనివ్వండని కౌంటీ (మన జిల్లాలాంటిది) అధికారులు, రెండు పార్టీలవారూ, అడుగుతూనే ఉన్నారు. శాసనసభలోని రిపబ్లికన్లు దాన్ని డ్రాప్ బాక్సుల (ఓటర్లు కవర్లను స్వయంగా తెచ్చి వేసే పెట్టెల) నిషేధంతో ముడిపెట్టారు, వుల్ఫ్ వీటో చేస్తానన్నారు. బేరం అక్కడితో ఆగింది. పట్టువిడుపుల్లేని తప్పు ఇద్దరిదీ ఉంది గానీ సమానం అనలేం: ఆలస్యానికి కారణమైన నిబంధనను పట్టుకుని కూర్చున్న పార్టీయే ఆ తర్వాత ఆలస్యాన్ని అనుమానానికి సాక్ష్యంగా చూపింది.

మిషిగన్ రాష్ట్రం తర్వాత చట్టం మార్చి పోలింగుకు ఎనిమిది రోజుల ముందు నుంచే కవర్లు తెరవనిచ్చింది. పెన్సిల్వేనియా 2022లో కౌంటీలకు 4.5 కోట్ల డాలర్లిచ్చి, తీసుకున్నవారు లెక్కింపు ఆపకుండా సాగించాలని షరతు పెట్టింది. ఉదయం 7 గంటల నిబంధనను ముట్టుకోలేదు. 2024లో ఫలితం ఆ రాత్రే తేలిందంటే మెయిల్ ఓట్లు తగ్గడం, ట్రంప్‌కు లక్షకు పైగా ఆధిక్యం రావడం కూడా కారణాలే. తేడా మళ్లీ కొన్ని వేలకు దిగితే ఆ రాష్ట్రంలోని పెద్ద నగరం ఫిలడెల్ఫియా కవర్ల కోసం దేశం ఇంకోసారి రోజుల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు.