రిఫరల్ మనం అడిగితే చొరవ, వాళ్లు అడిగితే వివక్షా?

అమెరికాలో కెరీర్ ఫెయిర్ అంటే ఎలా ఉంటుందో, పిల్లల్ని ఎమ్మెస్‌కి పంపిన ప్రతి ఇంటికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. రూమ్మేట్ దగ్గర అడిగి తెచ్చుకున్న కోటు, ఫోల్డరు నిండా రెజ్యూమెలు, గంటసేపు లైన్లో నిలబడటం. తీరా వంతు వచ్చాక కంపెనీ మనిషి నవ్వుతూ ఒక పెన్ను, ఒక స్టిక్కరు చేతిలో పెట్టి, బల్ల మీదున్న క్యూఆర్ కోడ్ చూపించి ‘ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యండి’ అంటాడు. రెజ్యూమె ముట్టుకోడు కూడా. అదే కుర్రాడు రాత్రి వాట్సాప్‌లో ‘అన్నా, జాబ్ ఐడీ పంపించా, కొంచెం రిఫర్ చేస్తావా’ అని మెసేజ్ పెడతాడు. అవతల అదే కంపెనీలో పనిచేసే అన్న ఆ కుర్రాడి పేరు, ఈమెయిలు పోర్టల్లో ఎక్కిస్తాడు. ఐదు నిమిషాల పని. వేల దరఖాస్తుల కుప్పలో అడుగున పడాల్సింది కాస్తా రిక్రూటర్ కంటబడుతుంది.

ఇందులో తప్పేమీ లేదు. నేనడిగేది ఒక్కటే: అన్న లేనివాడు ఏం చెయ్యాలి?

నల్లజాతి, లాటినో విద్యార్థుల కోసం అమెరికాలో అర్ధ శతాబ్దంగా నడుస్తున్న ఇంటర్న్‌షిప్‌లు, ఫెలోషిప్‌లు, మెంటర్ పథకాలన్నీ ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినవే. అన్న లేనివాళ్లకు సంస్థలే అన్నలా నిలబడ్డాయి. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని చూడొద్దని తీర్పిచ్చింది. 2025 జనవరిలో ట్రంప్ వచ్చీరాగానే ఇలాంటి పథకాలకు ఎసరు పెట్టే ఉత్తర్వుల మీద సంతకాలు పెట్టారు. ఒక్కొక్కటిగా ఆ తలుపులు మూసుకుంటున్నాయి. అవి మూసుకుంటుంటే మన వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్లు వినిపిస్తున్నాయి. నా బాధ ఆ చప్పట్ల గురించే.

ఉద్యోగాలు పరిచయాల మీద నడుస్తాయని 1973లోనే మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త రాశాడు. అదీ దగ్గరి స్నేహితుల వల్ల కాదు, అప్పుడప్పుడు కలిసే దూరపు పరిచయస్తుల వల్లే కొత్త కబురు అందుతుందన్నాడు. 2022లో లింక్డిన్‌లో రెండు కోట్ల మంది మీద చేసిన పరిశీలన కూడా దాదాపు అదే తేల్చింది. బాగుంది. కానీ దూరపు పరిచయాలు ఆకాశంలోంచి ఊడిపడవు. నువ్వు పుట్టిన వీధి, చదివిన బడి, మీ నాన్న పనిచేసిన ఆఫీసు, మీ అమ్మ వెళ్లే గుడి, వీటిలోంచి పుడతాయి. పేదింటి పిల్లలకు సంపన్న కుటుంబాల స్నేహితులు ఎంత ఎక్కువగా ఉంటే, పెద్దయ్యాక వాళ్ల సంపాదన అంతగా పెరుగుతోందని ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అదే 2022లో ఫేస్‌బుక్ స్నేహాల లెక్కలు తీసి చూపించింది. ‘నెట్‌వర్కింగ్ నేర్చుకో బాబూ’ అని కెరీర్ సెంటర్ వాళ్లిచ్చే సలహా ఎంత డొల్లో ఇక్కడే తెలుస్తుంది. అది నేర్చుకునే విద్యకన్నా వంశపారంపర్యంగా వచ్చే ఆస్తికే దగ్గర.

నమ్మకం కుదరకపోతే వాల్‌స్ట్రీట్ క్యాలెండర్ చూడండి. పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో నాలుగేళ్ల డిగ్రీ అయ్యాక ఉద్యోగం కావాలంటే మూడో ఏడాది తర్వాత వేసవిలో అక్కడ ఇంటర్న్‌గా చేసి ఉండాలి. దారి ప్రధానంగా అదే. ఆ ఇంటర్న్‌షిప్‌కి ఎంపికలు ఎప్పుడు? అంతకు ఏడాది ముందు, రెండో ఏడాది ఇంకా నడుస్తుండగానే. ఆ దరఖాస్తుకు బలం రావాలంటే అప్పటికే బ్యాంకులో పనిచేసే నలుగురైదుగురితో ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడి ఉండాలి. అలా మాట్లాడాలని మొదటి ఏడాదిలోనే ఎవరో ఒకరు చెవిలో వెయ్యాలి. తండ్రో, బాబాయో, క్లబ్బులో సీనియరో చెప్పకపోతే ఈ సంగతి తెలిసే దారే లేదు. ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కిన డెట్రాయిట్ అమ్మాయి మార్కులన్నీ బుద్ధిగా తెచ్చుకుని, మూడో ఏడాది మొదట్లో కెరీర్ సెంటర్‌కి వెళ్లి ‘ఫైనాన్స్‌లోకి వెళ్లాలనుంది’ అంటుంది. అప్పటికి సీట్లు చాలావరకు నిండిపోయి నెలలు గడిచి ఉంటాయి. ఆమె ఏ పరీక్షలోనూ తప్పలేదు. పరీక్ష ఎప్పుడో ఎవరూ చెప్పలేదంతే.

న్యూయార్క్‌లో 1963లో పుట్టిన ఎస్ఈఓ అనే సంస్థ 1980 నుంచి శ్వేతేతర విద్యార్థులకు వాల్‌స్ట్రీట్ ఇంటర్న్‌షిప్‌లు ఇప్పిస్తూ చేసింది ఈ పనే: తేదీ చెప్పడం, కోటు గురించి చెప్పడం, ఫోను ఎవరికి చెయ్యాలో చెప్పడం. షికాగోలో 1970లో మొదలైన ఇన్‌రోడ్స్ కూడా ఆ బాటే పట్టింది. ఇక పర్డ్యూ యూనివర్సిటీ కథ మన ఇంజినీర్లందరూ వినాల్సింది. అక్కడ ఇంజినీరింగ్‌లో చేరిన నల్లజాతి పిల్లలు మధ్యలోనే మానేసి వెళ్లిపోతుంటే, ఉన్న కొద్దిమందీ ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. 1975 ఏప్రిల్‌లో 32 కాలేజీల నుంచి 48 మంది పర్డ్యూలో సమావేశమైతే, అది నల్లజాతి ఇంజినీర్ల జాతీయ సంఘం అయింది. ఇవాళ దాని వార్షిక సదస్సుకి పది వేల మందికి పైగా వస్తారు. కంపెనీలు అక్కడే గదులు తీసుకుని ఇంటర్వ్యూలు చేస్తాయి. ఎవరో దయతలచి ఇచ్చింది కాదది. లేని చుట్టరికాన్ని కష్టపడి కట్టుకోవడం. అమెరికాలో మన తెలుగు సంఘాలు తానా, ఆటా పుట్టిన కథ దీనికి ఎంత దూరం చెప్పండి?

ఇప్పుడు వీటిని కూల్చడానికి వాడుతున్న ఆయుధం ఏమిటో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. బానిసత్వం నుంచి బయటపడినవాళ్లకు తెల్లవాళ్లతో సమానంగా ఒప్పందాలు చేసుకునే హక్కు ఇచ్చిన 1866 చట్టం ఉంది. 2023 ఆగస్టులో పెర్కిన్స్ కూయీ, మోరిసన్ ఫోర్‌స్టర్ అనే లా కంపెనీల మీద, శ్వేతేతర లా విద్యార్థులకు ఇస్తున్న ఫెలోషిప్‌ల విషయంలో కేసు వేసింది ఆ చట్టం కిందే. కేసు వేసింది ఎడ్వర్డ్ బ్లమ్ బృందం. అడ్మిషన్ల కేసు వెనకున్నదీ ఆయనే. రెండు కంపెనీలూ నిబంధనలు మార్చుకున్నాయి, కేసులు వెనక్కిపోయాయి. 2025 మార్చిలో ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, నల్లజాతి, లాటినో విద్యార్థుల్ని బిజినెస్ పీహెచ్‌డీల వైపు నడిపించే ‘పీహెచ్‌డీ ప్రాజెక్ట్’తో చేతులు కలిపినందుకు 45 యూనివర్సిటీల మీద విచారణ మొదలుపెట్టింది. పూర్వ విద్యార్థుల పిల్లలకు సీట్లిచ్చే ఆచారం మాత్రం సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా చాలాచోట్ల చెక్కుచెదరలేదు. కొన్ని కాలేజీలు తమంతట తామే మానుకున్నాయి, కాలిఫోర్నియాలాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా నిషేధించాయంతే.

అవతలివాళ్ల వాదన తేలిగ్గా తీసేసేదేం కాదు. నైజీరియా డాక్టరు గారి అబ్బాయికి ఇచ్చే మెంటర్‌ని వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ఊళ్లో పుట్టిన తెల్లపిల్లకి ఎందుకివ్వరు అంటారు. ఇవ్వాల్సిందే. అలాగైతే పథకాన్ని పెద్దది చేసి ఆ పిల్లనీ చేర్చుకోమనాలి. ఆ అబ్బాయికీ, ఈ పిల్లకీ ఇద్దరికీ సమానంగా ఏమీ ఇవ్వకపోతే న్యాయం జరిగినట్టా? పైగా రంగు పాత్ర ముగిసిపోయిందని ఎవరన్నారు? బోస్టన్, షికాగోల్లో ఒకే అర్హతలున్న రెజ్యూమెలు పేర్లు మాత్రం మార్చి పంపిస్తే తెల్లవాళ్లవిగా వినిపించే పేర్లకు సగం ఎక్కువగా ఫోన్లొచ్చాయని 2004లో అచ్చయిన అధ్యయనం చెబుతోంది.

ఇక మన సంగతి. 1965కి ముందు భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి వంద. నల్లజాతివాళ్లు రోడ్లెక్కి, దెబ్బలు తిని, జైళ్లకెళ్లి సాధించిన పౌరహక్కుల ఉద్యమపు గాలిలోనే ఆ గోడ కూలింది. తేదీలు చూడండి. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు జాతి, రంగు వివక్ష లేకుండా ఉద్యోగావకాశాలు కల్పించడానికి నడుం కట్టాలని అధ్యక్షుడు జాన్సన్ ఉత్తర్వు ఇచ్చింది 1965 సెప్టెంబరు 24న. మనకు తలుపు తీసిన వలస చట్టం మీద సంతకం పెట్టింది అక్టోబరు 3న. ఒకే మనిషి, తొమ్మిది రోజుల తేడా. వాటిలో మొదటిదాన్ని 2025 జనవరిలో ట్రంప్ రద్దు చేశారు. రెండోదాని పుణ్యాన అక్కడ ఇళ్లూ కార్లూ కొనుక్కున్నవాళ్లం, మొదటిది పోతే ‘ప్రతిభ గెలిచింది’ అని ఫార్వర్డులు పంపుకున్నాం. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

ఆ మంట మనదాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2024 డిసెంబరులో హెచ్-1బీ ఉద్యోగ వీసాల మీద రగిలిన గొడవలో భారతీయుల్ని తిట్టినవాళ్లు అన్నదేమిటి? ‘వీళ్లు వీళ్లవాళ్లనే చేర్చుకుంటారు’ అని. అంతకు రెండు నెలల ముందే ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ కేసులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ, ఆ కంపెనీ భారతీయేతర ఉద్యోగుల పట్ల వివక్ష చూపిందని తేల్చింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ మీద లక్ష డాలర్ల రుసుము పడింది. ప్రతిభ ఒక్కటే కొలబద్ద అని ఊగినవాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది, ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉందో.

ఇంకా లోపలికి వెళ్తే ఇంకో గది ఉంది. మన రిఫరల్ గ్రూపులు తెలుగువాళ్లందరివీ కావు. ఫలానా కాలేజీ గ్రూపు, ఫలానా జిల్లా గ్రూపు, పేరు చెప్పకుండానే అందరికీ అర్థమయ్యే ఇంకో రకం గ్రూపు. ఇంటిపేరు అడిగాక సంభాషణ ఏ దారి పడుతుందో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తే, అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును గవర్నర్ న్యూసమ్ వీటో చేసేదాకా మన సంఘాల్లో కొన్ని నిద్రపోలేదు. ఎస్సీ కాలనీ నుంచి అప్పు చేసి డాలస్ చేరిన కుర్రాడికీ, డెట్రాయిట్ అమ్మాయికీ ఉన్న కష్టం ఒకటే. ఇద్దరికీ తేదీ చెప్పేవాళ్లు లేరు. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువులో తొంభై రోజులు ఉద్యోగం లేకపోతే వీసాకే ఎసరు కాబట్టి మనవాడి గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది. అదొక్కటే తేడా.

2025 జులైలో తానా మహాసభలు డెట్రాయిట్ శివారు నోవైలో జరిగాయి. జనాభాలో నాలుగింట మూడొంతులకు పైగా నల్లజాతివాళ్లున్న నగరం డెట్రాయిట్. నగరం నడిబొడ్డున వేన్ స్టేట్ యూనివర్సిటీ ఉంది. ఇలాంటి మహాసభల్లో బిజినెస్ సదస్సులుంటాయి, పెళ్లిచూపుల వేదికలుంటాయి, సినిమావాళ్లతో ఫొటోలుంటాయి. వచ్చేసారి ఏ ఊళ్లో జరిగినా, ఆ ఊరి కాలేజీల్లోని నల్లజాతి ఇంజినీర్ల సంఘం పిల్లల్నీ, ఏ గ్రూపులోనూ లేని మన పిల్లల్నీ పిలిచి, ఒక మధ్యాహ్నం మన మేనేజర్ల ముందు కూర్చోబెట్టవచ్చు. ‘మన పిల్లలకే ఉద్యోగాల్లేవు, వాళ్ల సంగతి మనకెందుకండీ’ అని కమిటీలో ఒకరైనా అంటారు. అనేవాళ్లు కాగ్నిజెంట్ కేసులో జ్యూరీ ఏం తేల్చిందో ఒకసారి చదువుకుని, ఆ తర్వాత చెయ్యెత్తితే చాలు.