డేరా దొరవారి బాధలు

కెన్యాలో మాసాయి మారా వన్యప్రాణి రిజర్వును ఆనుకుని ఉన్న కన్సర్వెన్సీల్లో, అంటే వన్యప్రాణుల కోసం విడిచిన ప్రైవేటు భూముల్లో, డేరాలో బస చేసే అతిథి తరఫున ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు. అడవిని చూడటానికి డబ్బు కట్టినవారి దగ్గరికి అడవే చెప్పాపెట్టకుండా వచ్చేస్తే ఎలా? ‘సాదా క్యాంపు, కంచె ఉండదు’ అని ముందే చెప్పారు, నిజమే. కంచె లేకపోతే అర్ధరాత్రి నీటిగుర్రం తలగడకు మూరెడు దూరంలో పరపరా గడ్డి మేస్తుందని మాత్రం విడమరచి చెప్పలేదు.

అవమానం నైరోబీ విల్సన్ విమానాశ్రయంలోనే మొదలవుతుంది. సామాను చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. బుల్లి విమానం పొట్ట కింది అరలో గట్టి సూట్‌కేసు ఇమడదు. బట్టలు ప్లాస్టిక్ సంచుల్లో మడిచి తెచ్చారా, 2017 ఆగస్టు 28 నుంచి ఆ దేశంలో వాటికి నిషేధం. తీరా దిగబోయే చోట జీబ్రాలు మేస్తుంటే, పైలట్ ఒకసారి కిందికంటా వచ్చి వాటిని చెదరగొట్టి, మళ్ళీ చుట్టు తిరిగి వచ్చి దిగుతాడు. టికెట్ కొన్నవారు గాల్లో, కొననివి నేల మీద.

ఇక స్నానం. కట్టెల మంట మీద కాచిన 20 లీటర్ల నీళ్ళు ఒకాయన మోసుకొచ్చి, డేరా వెనక కాన్వాసు సంచిలో పోసి, కప్పీ తాడుతో పైకి లాగుతాడు. ‘మాజీ మోటో’ (స్వాహిలీలో వేడినీళ్ళు) కావాలని కాస్త ముందే చెప్పి ఉంచాలి. ఒళ్ళు తడుపుకుని మర కట్టెయ్యాలి, సబ్బు రుద్దుకోవాలి, మళ్ళీ తిప్పాలి. ఇంట్లో కుళాయి వదిలేసే అలవాటున్నవారికి తల నిండా నురగ ఉండగానే సంచి ఖాళీ అవుతుంది. అప్పుడు రెండో బకెట్ కోసం పెట్టే కేకలో, మధ్యాహ్నం ‘ప్రకృతి ఒడిలో నిరాడంబరంగా’ అన్న గాంభీర్యం వెతికినా దొరకదు. దొరవారు నిరాడంబరంగా ఉండాలంటే పాపం ఇంకొకరు ఎన్ని బకెట్లు మొయ్యాలో!

భూమధ్యరేఖ పక్కనే కదా అని పల్చటి చొక్కాలతో వచ్చినవారికి తెల్లవారుజామున తెరిచిన జీపులో పళ్ళు టకటకలాడతాయి. ఆ నేల సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైనే ఉందని సూర్యుడికి గుర్తుంటుంది, మనకుండదు. హెయిర్ డ్రయర్ సంగతి అడగకండి. అది పెడితే సోలార్ ఇన్వర్టర్ చేతులెత్తేస్తుంది, క్యాంపంతా చీకటి.

జిప్పుల దగ్గర దొరవారికి గట్టి ప్రత్యర్థులు కోతులు. బిస్కెట్టు, టూత్‌పేస్టు, ఏ వాసన తగిలినా చాలు, జిప్పు లాగడం వాటికి చేతనవును. రెండు జిప్పు కొసల్నీ కిందికంటా లాగి, ఒక కొక్కేనికి కలిపి తగిలించాలి. తిండి అసలు డేరాలో ఉంచకూడదు. సింహంతో ఈ తంటా లేదు. మూసిన డేరా దాని కంటికి ఒక బండలాంటిదే, పక్కనుంచి పోతుంది. తల బయటపెట్టి అది బండ కాదని నిరూపించే పని అతిథి పెట్టుకోకూడదు.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు స్థలం గురించి. ఓల్ కిన్యే కన్సర్వెన్సీలో 700 ఎకరాలకు ఒక్క డేరా లెక్క. ఇంత భూమి వృథాయేనా? పైగా అది క్యాంపువాళ్ళది కూడా కాదు, అక్కడ పశువులు మేపుకునే మాసాయి తెగ కుటుంబాలది. వారి దగ్గర కౌలుకు తీసుకున్నదే. వారి ఆవులు కూడా వంతులవారీగానే మేస్తాయి. దొరవారు కట్టే డబ్బులో ఆ కౌలూ ఉంది; అంటే హోదా చూస్తే అద్దెకున్నవారి కింద అద్దెకున్నవారు. అందుకు ప్రతిఫలంగా, రిజర్వులో కుదరని రాత్రి సవారీ, నడక, బాట వదిలి జీపు నడపడం ఇక్కడ కుదురుతాయి. చిరుత దగ్గర ఐదు జీపులే ఆగాలి. ఆరోది దూరంగా ఆగి తన వంతు కోసం చూడాలి, అందులో ఎవరున్నా సరే.

ఒక్క మర్యాద మాత్రం దక్కుతుంది. చీకటి పడ్డాక భోజనానికి వెళ్ళాలంటే టార్చి, బల్లెం పట్టుకుని ఆస్కారి (కాపలాదారు) వచ్చి తీసుకెళ్తాడు. మంత్రులకు కూడా అన్నం దగ్గరికి బల్లెం కాపలా ఉండదు. దొరవారు ఛాతీ విరుచుకుని పది అడుగులు వేస్తారు. ఆస్కారి చెయ్యి అడ్డం పెడతాడు. దారి మధ్యలో అదే నీటిగుర్రం. అది మేసి కదిలేదాకా ఇద్దరూ అక్కడే నిలబడతారు. అవతల సూపు చల్లారిపోతూ ఉంటుంది.