కందుకూరోళ్ళకి గైడెందుకు?

బీబీసీ వాళ్ళ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ 1963లో మొదలైంది. 1989లో ఆగి 2005లో మళ్ళీ లేచింది. ఇంత పాత సంసారంలో కొత్తగా కాలు పెట్టేవాళ్ళు బెదిరిపోతారని ఎవరో పుణ్యాత్ములు ఒక ఆన్‌లైన్ గైడు తయారుచేశారు. బెంగళూరు నుంచి మా మేనల్లుడు పంపాడు. “ఊరికే నొక్కతా పో మామా, ఏడ మొదలుపెట్టాల్నో అదే చెప్తాది” అన్నాడు.

నొక్కాను. భయం ఇష్టమా, నవ్వు ఇష్టమా, ఏడుపు ఇష్టమా అంది. మూడూ అనడానికి బటన్ లేదు. నలుపు తెలుపు బొమ్మలు చూసే ఓపిక ఉందా అంది. బోలెడుందన్నాను. అన్నీ శ్రద్ధగా విని, “2005 నుంచి మొదలుపెట్టండి” అని తేల్చింది. అచ్చం గ్రామసభ: అభిప్రాయం మనది, తీర్మానం ముందే రాసిపెట్టుకున్నది.

మొదటి నుంచీ చూస్తానని మొండికేసేవాళ్ళ సంగతి మరీ ఘోరం. మొదటి భాగం 1963 నవంబర్ 23న వచ్చింది. ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనడీని చంపేశారు, జనం ధ్యాసంతా దాని మీద ఉంది. పైగా కొన్నిచోట్ల కరెంటు కూడా పోయింది. దాంతో మరుసటి వారం రెండో భాగానికి ముందు మొదటిదే మళ్ళీ వేశారు. ఆ తర్వాత టేపులు ఖరీదని పాత భాగాలు చెరిపేశారు. 1960ల నాటి భాగాల్లో 90కి పైగా నేటికీ బొమ్మ లేదు. శబ్దం మాత్రం మిగిలింది, అదీ అభిమానులు ఇంట్లో టీవీ దగ్గర టేపురికార్డరు పెట్టుకుని పట్టబట్టి. దాచాల్సినవాళ్ళు చెరిపితే చూసేవాళ్ళు దాచారన్నమాట. గైడు దీన్ని ఒక్క ముక్కలో దాటేసింది.

అది చెమటోడ్చిందంతా ఇంకోచోట: “హీరో ముఖం మారుతుంది, కంగారు పడకండి.” ఈ హీరో పేరే డాక్టర్. 1966లో ఆ వేషం వేసే విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం బాగోక తప్పుకుంటే పాట్రిక్ ట్రౌటన్‌ని తెచ్చారు. చావబోయే డాక్టర్ ఒళ్ళంతా మారి కొత్త మనిషై లేస్తాడని కథ కట్టారు. జ్ఞాపకాలు పాతవే. ఇంతమాత్రానికి బాణం గుర్తులు, కదిలే బొమ్మలు, చివర “అర్థమైందా?” అని ఒక బటన్.

కందుకూరోళ్ళని అడిగే ప్రశ్నేనా ఇది? మా తాతది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, మమ్మల్ని అందులో కలిపారు. 1972లో దాని పేరు ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరులో వేశారు. ఇన్ని మారినా మేం ఇల్లు కదల్లేదు, వాకిట్లో వేపచెట్టూ కదల్లేదు. బీరువాలో కాగితాలు బయటికి తీస్తే మాత్రం ఒకే గడపకి రెండు జిల్లాలు, మూడు పేర్లు.

అసలు విశేషం ఇంకా ఉంది. అదే 2022 అక్టోబర్‌లో పదమూడో డాక్టర్ జోడీ విటేకర్ రూపం మారుతుంటే కొత్త ముఖం తేలలేదు. ఎప్పుడో వెళ్ళిపోయిన పదో డాక్టర్ డేవిడ్ టెనెంట్ ముఖమే తిరిగొచ్చింది! డాక్టరే బిత్తరపోయాడు. అభిమానులు ఇది కనీవినీ ఎరగని మలుపన్నారు. ఎరగకేం, ఆర్నెల్ల ముందే కందుకూరులో అయిపోయింది. మమ్మల్ని చూసి కాపీ కొట్టారని నేననను. తేదీలు మాత్రం చూసుకోమంటాను.

అంచేత నా డిమాండు ఒకటే. గైడులో మొట్టమొదట “మీ జిల్లా ఎన్నిసార్లు మారింది?” అని అడగాలి. రెండు, ఆపైన అని నొక్కినవాళ్ళకి ముఖం మారే పాఠం మాఫీ చెయ్యాలి.

ఇదంతా మేనల్లుడికి ఫోన్‌లో వివరించాను. వాడు ఊ కొట్టి, “అది సరే గానీ మామా, అమ్మ ఫారం నింపతా ఉండా. పుట్టిన జిల్లా అడగతా ఉండారు, 71లో పుట్టింది గదా, ఏం రాయాల?” అన్నాడు.

“ఒంగోలు జిల్లా.”

కాసేపు నొక్కుళ్ళు వినిపించాయి.

“అట్టాంటి జిల్లా ఈ లిస్టులో లేదే మామా!”